కామాచ్చి చీల

అనగా అనగా, గోదారికి ఇంకా గట్లు వెయ్యని రోజుల్లో, నది తనకి తోచిన దారిన తాను పోయే రోజుల్లో, రెండు పాయల నడుమ గువ్వలలంక అని ఒక ఊరు ఉండేది. ముప్పై గడపల ఊరు. చుట్టూ నీళ్ళు, నడుమ ఇసుక, ఇసుక మీద ఒండ్రు. ఆ ఒండ్రులో ఏం వేసినా పండేది. పండనిది ఒక్కటే, మాను. రెల్లు పెరిగేది, అరటి పెరిగేది, తుమ్మ పొదలు పెరిగేవి. పెద్ద మాను మాత్రం నిలిచేది కాదు. వేరు కుదురుకునే లోపే ఏదో ఒక వరద వచ్చి పీక్కుపోయేది.

అలాంటి చోట చెల్లన్న కాపు అనే రైతు కర్రతో ఇల్లు కట్టాలనుకున్నాడు. ఊరంతా నవ్వింది. "మాను లేని లంకలో మానిల్లా!" అంది. ఆయన నవ్వలేదు. అవతలి గట్టు నుంచి లింగాచారి అనే వడ్రంగిని పిలిపించాడు. లింగాచారి ఉలి, బాడిస, పెద్ద రంపం పట్టుకుని పడవ దిగాడు. వెనకాలే కొత్త పెళ్ళికూతురు దిగింది. ఆ పిల్ల పేరు కామాచ్చి. కాళ్ళ పారాణి ఇంకా ఆరలేదు.

ఆ ఇల్లు మూడేళ్ళు కట్టారు.

మొదటి ఏడు కర్ర వచ్చింది. మన్యం కొండల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదారి మీద తోసుకొచ్చారు. వచ్చినవాటిని లింగాచారి ఒడ్డెక్కించలేదు. ఒక వానాకాలమంతా నీళ్ళలోనే నాననిచ్చాడు. "పురుగు ముందు ఇక్కడ చావాలి, తరవాతే ఇంట్లోకి రావాలి," అన్నాడు.

రెండో ఏడు కోత. పెద్ద రంపానికి ఇద్దరు కావాలి. ఒక కొస లింగాచారిది. రెండో కొస కామాచ్చిది. ఆయన లాగితే ఆమె వదిలేది, ఆమె లాగితే ఆయన వదిలేవాడు. పొద్దస్తమానం రంపపు పొట్టు ఆమె జుట్టులో పసుపులా రాలేది. కోత అయ్యాక ఆయన స్తంభాలు చెక్కుతుంటే ఆమె కూర్చుని చీలలు చెక్కేది. చీలంటే కర్ర మేకు. ఆ ఇంట్లో ఇనుప మేకన్నది ఒక్కటి లేదు. దూలానికి నాలుక, స్తంభానికి బెజ్జం. నాలుక బెజ్జంలోకి దూరాక అడ్డంగా ఒక చీల. అంతే.

మూడో ఏడు ఇల్లు లేచింది. నాలుగు వరసల్లో నాలుగేసి, పదహారు స్తంభాలు. ఏ స్తంభమూ నేలలో పాతలేదు. ఒక్కోదానికీ కింద ఒక రాతి దిమ్మె. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద వాసాలు, వాసాల మీద తాటాకు. నడిమధ్యన ఆకాశం కనిపించే మండువా. చుట్టూ అటక. అటక మీద ఊరందరి విత్తనాల గాదె. గోడలు మట్టివి. ఆ గోడల మీద ఇంటి బరువు వీసమంత కూడా లేదు. "గోడ గాలికి అడ్డం, అంతే. ఇల్లు నిలబడేది కాళ్ళ మీద," అనేవాడు లింగాచారి.

ఇల్లు లేచిన రోజున చెల్లన్న కాపు లింగాచారికి కొత్త పంచెలు పెట్టాడు. లింగాచారి పేరు నాలుగు లంకల్లో చెప్పుకున్నారు. కామాచ్చి పేరు ఎవరూ చెప్పుకోలేదు. రంపం రెండో కొస పట్టుకున్న మనిషికి పేరేమిటి? అవునా కాదా?

ఆ కాలం గడిచింది. చెల్లన్న కాపు పోయాడు. ఆయన కొడుకు భద్రయ్య కాపు పెద్దవాడయ్యాడు. లింగాచారి పోయాడు. ఆయన అన్న కొడుకు సోమాచారి ఊరికి వడ్రంగి అయ్యాడు. సోమాచారి పనిమంతుడే. కాకపోతే ఇనుప మేకుల రోజుల్లో పని నేర్చినవాడు. నాలుగు దెబ్బలు వెయ్యడం, పక్క పనికి పోవడం.

కామాచ్చి ముసలిదయింది. ఊరి చివర పాకలో ఉండేది. కవ్వాలు, గరిటెలు, పప్పుగుత్తులు చెక్కి ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేది. వాళ్ళు ఇన్ని బియ్యమో, ఒక అరటి గెలో పెట్టేవారు. కళ్ళు మసకబారాయి. వేళ్ళు మాత్రం మసకబారలేదు. కర్ర ముట్టుకుంటే చాలు, ఇది తుమ్మ, ఇది వేప, ఇది టేకు అని చెప్పేది. ఊళ్ళో ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు వాళ్ళ గుమ్మం తడిమేది. "కామాచ్చి మామ్మ మనుషుల కంటే ముందు గుమ్మాన్ని పలకరిస్తుంది," అని నవ్వుకునేవారు.

అప్పుడు గోదారి మనసు మారింది.

మొదటి ఏడు ఇసుక తిన్నె మీది దోసపాదుల్ని తీసుకుంది. పోనీలే, దోసకాయలే కదా అనుకున్నారు. గోదారి అడిగితే ఇవ్వక తప్పుతుందా?

రెండో ఏడు పుగాకు చేను తీసుకుంది. గట్టు విరిగి, చేను చేనంతా చాపలా జారిపోయింది. గుండె రాయి చేసుకున్నారు. గోదారి అడిగితే ఇవ్వక తప్పుతుందా?

మూడో ఏడు ఆషాఢం రాకముందే వరద ఎర్రనీరు వచ్చింది. వచ్చీ రాగానే రేవులో కట్టిన ఊరి పడవని తాడుతో సహా లాక్కుపోయింది. మర్నాడు పొద్దున చూస్తే భద్రయ్య కాపు పశువుల పాక దాకా నేల నెర్రెలు విచ్చింది. ఒక్కో నెర్రెలో చెయ్యి మోచేతి దాకా దూరేది.

ఊరంతా కాపు ఇంటి మండువాలో చేరింది. పడవ నడిపే నూకన్న గట్టు దాకా వెళ్ళి వచ్చాడు. నీటిలో ఒక పుల్ల వేసి చూశాడు. నురగ చూశాడు. వాసన చూశాడు.

"మూడు రోజులండి," అన్నాడు. "అసలు నీరు ఇంకా రాలేదండి. ఇది దాని ముందు పరిగెత్తే కుక్కపిల్ల. నాలుగో రోజుకి లంక ఉండదండి."

తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఎదురుగా అవతలి గట్టు కనిపిస్తూనే ఉంది. మెరక నేల. పచ్చగా ఉంది. చేతికందేట్టుంది. నడుమ మాత్రం గోదారి.

"పశువులు ఈదుతాయి," అన్నాడు భద్రయ్య. "ఈత వచ్చిన మగాళ్ళూ ఈదుతారు. పిల్లలో? ముసలాళ్ళో? అటక మీద విత్తనాలో? విత్తనం పోతే గట్టెక్కి ఏం తింటాం?"

మొదట అరటి బోదెలతో తెప్ప కట్టారు. ఇద్దరు గట్టివాళ్ళు ఎక్కి బయల్దేరారు. పాయ నడిమికి వెళ్ళేసరికి సుడి ఒక్క తిప్పు తిప్పింది. బోదెలు తలో దిక్కూ పోయాయి. ఇద్దరూ ఈదుకుంటూ వచ్చి ఒడ్డున పడ్డారు.

తరవాత కుండలు బోర్లించి తెప్ప కట్టారు. ఊళ్ళో ఉన్న కుండలన్నీ తెచ్చారు. అది రేవు దాటకుండానే ఒకదానికొకటి కొట్టుకుని పెంకులైపోయింది.

నూకన్న తడిబట్టలతో కూలబడ్డాడు. "నాకు మాను కావాలండి," అన్నాడు. "పొడుగాటి మాను. ఒక్కోటి రెండు మూడు బారలు ఉండాలి. అలాంటివి ఓ ఇరవై ఉంటే ఊరు ఊరంతా దాటిస్తానండి."

మాను లేని లంకలో మాను ఎక్కడిది? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరవాత మెల్లిగా, ఒకరి తరవాత ఒకరు, తలెత్తి పైకి చూశారు. పైన దూలాలు. పక్కన స్తంభాలు. అందరూ చూశారు. చూసి, కాపు ముఖం చూడలేక తల దించుకున్నారు.

భద్రయ్య ఆ ఇంట్లోనే పుట్టాడు. అటక మీద దాక్కుని పెరిగాడు. తండ్రి ప్రాణం పోయింది కూడా ఆ తూర్పు వసారాలోనే. ఆయన పక్కనున్న స్తంభం మీద చెయ్యి వేశాడు.

"నాలుగో రోజుకి ఎలాగూ ఇది గోదారిదే," అన్నాడు. "ఈ మూడు రోజులూ ఊరిది కానియ్యండి. సోమాచారీ, విప్పు."

సోమాచారి కొయ్య సుత్తి తెచ్చాడు. దక్షిణం వరసలో ఒక చీల మీద దెబ్బ వేశాడు. చీల కదల్లేదు. రెండు, మూడు, పది దెబ్బలు వేశాడు. చీల తల నలిగిందే గాని చీల కదల్లేదు. ఇంకో చీలకి వెళ్ళాడు. గట్టిగా కొట్టేసరికి ఇల్లంతా ఒక్క మూలుగు మూలిగింది. పైనుంచి తాటాకు మట్టలు రాలాయి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

"ఇది విప్పే ఇల్లు కాదండి," అన్నాడు సోమాచారి చెమట తుడుచుకుంటూ. "మా చిన్నాన్న ఏ మంత్రం పెట్టి బిగించాడో. నరకాల్సిందే."

"నరికితే మొద్దులొస్తాయి," అన్నాడు నూకన్న. "మొద్దులు నాకెందుకు? పొడుగు కావాలి నాకు. పైగా ఒక కాలు నరికితే కప్పు మన నెత్తిన పడదూ?"

"మరేం చెయ్యమంటావు?"

అప్పుడు జనం వెనకాలనుంచి ఒక చిన్న గొంతు వినబడింది. "ఆఖరి చీల ముందు తియ్యాలయ్యా."

ఎవరూ వినలేదు. గొడ్డలి తెమ్మని ఒకడు అరిచాడు.

"ఆఖరి చీల ముందు తియ్యాలయ్యా," అంది ఆ గొంతు మళ్ళీ.

ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. కామాచ్చి. "మామ్మా, ఇవి కవ్వాలు కాదే," అన్నాడొకడు. ఆ భయంలోనూ కొందరు నవ్వారు.

గొడ్డలి వచ్చింది. సోమాచారి చెయ్యెత్తాడు.

"ఆఖరి చీల ముందు తియ్యాలయ్యా!" అంది కామాచ్చి మూడోసారి. ఈసారి ఆ గొంతు చిన్నది కాదు.

భద్రయ్య భార్య సీతాయమ్మ విత్తనాల మూటలు కడుతున్నదల్లా చేతిలో తాడు పక్కన పడేసి లేచింది. "ఉండు సోమాచారీ," అంది. "ఆవిడ ఏదో అంటోంది. ఏటమ్మా కామాచ్చమ్మా, నువ్వు అనేది?"

జనం దారి ఇచ్చారు. కామాచ్చి మండువాలోకి వచ్చి నిలబడింది. ఇంతమంది కళ్ళు ఎప్పుడూ ఆమె మీద పడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత తీసేసింది.

"బుట్ట అల్లుతాం కదమ్మా," అంది. "అల్లిక విప్పాలంటే ఎక్కడ పడితే అక్కడ లాగితే వస్తుందా? ఆఖరి కొస ఎక్కడ దోపామో అక్కణ్ణించి విప్పాలి. ఈ ఇల్లూ అంతే. ఒక దూలం ఇంకో దూలాన్ని నొక్కి పట్టుకుంటుంది. ఒక చీల ఇంకో చీలకి కాపలా. అన్నిటికంటే ఆఖర్న పెట్టిన చీల ఒక్కటే ఏ బరువూ లేకుండా ఉంటుంది. అది వస్తే అన్నీ వస్తాయి. అది రాకపోతే ఏదీ రాదు."

"ఆ చీల ఏదో నీకు తెలుసా?" అన్నాడు భద్రయ్య.

"ఈ ఇంట్లో మూడు వందల పై చిలుకు చీలలున్నాయి కాపుగారూ. అన్నీ నేను చెక్కినవే."

సోమాచారి గొడ్డలి కిందకి దించాడు. ఈ మాట అతనికీ ఇవాళే తెలిసింది.

కామాచ్చి స్తంభం దగ్గరనుంచి స్తంభం దగ్గరికి నడిచింది. నిచ్చెన వేయించుకుని ఎక్కింది. ఒక్కో చీలా వేళ్ళతో తడిమింది. పడమటి వరసలో ఒకచోట ఆగింది. "ఇదే," అంది.

సోమాచారి కొట్టాడు. చీల కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఇల్లు మళ్ళీ మూలిగింది.

అది కాదు.

కామాచ్చి నిచ్చెన దిగింది. అరుగు మీద కూలబడింది. ముఖం నల్లబడింది. "ముసలిదాన్ని నమ్ముకుని పూట పాడుచేశాం," అని ఎవరో గొణిగారు. ఆమెకి వినబడింది. అటు గట్టు మీద పెద్ద పెళ్ళ ఒకటి నీళ్ళలో పడ్డ చప్పుడు కూడా వినబడింది. నలభై ఏళ్ళు రంపం పట్టిన చేతులు ఒడిలో పెట్టుకుని వాటికేసి చూసుకుంది. మీరూ మరిచిపోయారా అన్నట్టు చూసుకుంది.

సీతాయమ్మ చల్ల తెచ్చి ఇచ్చింది. పక్కనే కూర్చుంది. తొందరపెట్టలేదు. "ఆ రోజు ఏం చేశారో చెప్పు కామాచ్చమ్మా," అంది. "ఏదో ఒకటి చెప్పు. పొద్దున ఏం వండారు?"

కామాచ్చి చల్ల తాగింది. కళ్ళు మూసుకుంది.

"పొద్దున కాదమ్మా. సాయంత్రం. ఆ రోజు తిండి కూడా తినలేదు. అన్నీ బిగిసిపోయాయి, ఒక్కటే మిగిలింది. మా ఆయన రెండు చేతులతోనూ దూలం ఎత్తిపట్టుకున్నాడు. చేతులు ఖాళీ లేవు. 'చీల నువ్వు కొట్టు' అన్నాడు. నేను ఎప్పుడూ కొట్టలేదు, చెక్కడమే. భయమేసింది. నిచ్చెన ఎక్కాను. ఎండ..." ఆమె ఆగింది. "ఎండ నా కళ్ళలో పడుతోంది. కళ్ళు చికిలించుకుని కొట్టాను."

ఆమె కళ్ళు తెరిచింది.

"సాయంత్రపు ఎండ కళ్ళలో పడిందంటే నా ముఖం పడమటికి ఉంది. చీల ఎప్పుడూ బయటనుంచి లోపలికే కొడతాం, నా ముఖం పడమటికి ఉందంటే నేను తూర్పు వరసలో ఉన్నాను. ఆ వరసలో ఆఖర్న నిలిపింది మూల స్తంభం! అమ్మా, నిచ్చెన ఇటు తెమ్మనండి!"

తూర్పు వరస మూల స్తంభానికి చీలే కనబడలేదు. పైదాకా మట్టి పూత ఉంది. ఏటా పండక్కి అలుకుతూ అలుకుతూ దాన్ని కప్పేశారు. కామాచ్చి గోటితో గీకింది. సీతాయమ్మ అట్లకాడ అందించింది. పూత పెళ్ళలుగా రాలింది. ఒక పొర కింద ఇంకో పొర, దాని కింద ఇంకో పొర. అన్ని పొరల కింద నల్లగా, గుండ్రంగా, రూపాయి కాసంత తల కనిపించింది.

కామాచ్చి దాని మీద వేలు పెట్టింది. చీల తలకి ఒక పక్క కాస్త వంకర దెబ్బ ఉంది. కళ్ళు చికిలించుకుని కొట్టిన దెబ్బ.

"అటునుంచి కొట్టు నాయనా," అంది సోమాచారితో. "మెల్లిగా. కోపంగా కాదు."

సోమాచారి మొదటి దెబ్బ వేశాడు. దుమ్ము రాలింది.

రెండో దెబ్బ వేశాడు. చీల నువ్వుగింజంత ముందుకొచ్చింది.

మూడో దెబ్బ వేశాడు. చీల జారి కామాచ్చి అరచేతిలో పడింది. ఇల్లు ఈసారి మూలగలేదు. బరువు దింపుకున్న మనిషి ఊపిరి వదిలినట్టు, హుష్ అంది. అంతే. దాంతో పాటే మండువాలో ఉన్న ముప్పై గడపలవాళ్ళూ ఊపిరి వదిలారు.

"హమ్మయ్య!" అంది సీతాయమ్మ. ఆ ఒక్క మాటకే అందరికీ ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆ తరవాత రెండు రోజులు కామాచ్చి మండువా నడుమ పీట వేసుకుని కూర్చుంది. "ఇప్పుడు ఉత్తరం వాసం. ఇప్పుడు దాని పక్కది. దాన్ని ముట్టుకోకు, దాని వంతు రాలేదు." ఆమె చెప్పింది, వాళ్ళు తీశారు. ముందు తాటాకు దిగింది. తరవాత వాసాలు దిగాయి. తరవాత దూలాలు, చివరికి స్తంభాలు. ఏ కర్ర ఎక్కడిదో తెలియడానికి లింగాచారి అప్పుడే గాట్లు పెట్టి ఉంచాడు. తూర్పుకి ఒక గాటు, దక్షిణానికి రెండు, పడమరకి మూడు, ఉత్తరానికి నాలుగు. ఇన్నేళ్ళూ అవి పురుగు తిన్న గుర్తులనుకున్నారు అందరూ. సోమాచారి ఒక్కో గాటూ తడిమి చూసి, "చిన్నాన్నా, చిన్నాన్నా," అని తనలో తనే అనుకున్నాడు.

ఆడవాళ్ళు అరటి నారతో తాళ్ళు పేనారు. పిల్లలు చీలలన్నీ గంపలోకి ఏరారు. నూకన్న మానుల్ని పక్కపక్కన పేర్చి, బిగించి, మూడు తెప్పలు కట్టాడు. మట్టిగోడలు మాత్రం లంక మీదే మిగిలాయి. కాళ్ళు లేని గోడలు.

మూడో రోజు పొద్దున దాటారు.

మొదటి తెప్ప మీద తల్లులు, పిల్లలు, విత్తనాల మూటలు. నూకన్న అన్నదమ్ములు గెడలు పట్టారు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. సుడి దగ్గర తెప్ప ఊగింది. ఊగింది గాని విడిపోలేదు. కాసేపటికి అవతలి గట్టు నుంచి కేక వచ్చింది. "చేరాం!"

రెండో తెప్ప మీద ముసలాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, లేగదూడలు. అదీ ఊగింది. అదీ విడిపోలేదు. "చేరాం!"

రెండో తెప్ప ఎక్కమంటే కామాచ్చి ఎక్కలేదు. "చీలల గంప నా దగ్గరుంది. ఆఖరి కర్రతోనే వస్తాను," అంది. మూడో తెప్ప మీద మగవాళ్ళు, పనిముట్లు, గంప ఒళ్ళో పెట్టుకుని కామాచ్చి. తెప్ప పక్కనే ఎద్దులు ఈదాయి. నీళ్ళు ఆమె పాదాల మీదుగా పారాయి. ఆమె గోదారిని చూడలేదు. కింద ఉన్న దూలం మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. "ఆడుతున్నావా? ఆడకు. కాసేపే," అంది దానితో.

తెప్ప ముక్కు మెరక నేలకి తగిలింది. భద్రయ్య కాపు ఆమెని రెండు చేతులా ఎత్తి గట్టు మీద దింపాడు. ముందే చేరినవాళ్ళంతా లెక్కపెట్టుకున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ముప్పై గడపలూ ఉన్నాయి. చంకలో పాపాయి దగ్గరనుంచి మంచం మీద తాత దాకా, ఒక్కరూ తగ్గలేదు.

ఆ సాయంత్రం అందరూ గట్టు మీద కూర్చుని ఉడికించిన చేమదుంపలు తింటుంటే అసలు నీరు వచ్చింది. కళ్ళముందే పశువుల పాక దిబ్బ జారింది. కాపు ఇంటి మట్టిగోడలు బెల్లంలా కరిగాయి. తరవాత అక్కడ లంక లేదు. ఒట్టి నీళ్ళు.

భద్రయ్య కళ్ళు తుడుచుకున్నాడు. పక్కన గుట్టగా పేర్చిన తన ఇంటిని చూశాడు. ఉన్నట్టుండి నవ్వాడు. "గోదారి నా ఇంటికి వచ్చిందిగాని, నేను ఇంట్లో లేను," అన్నాడు. "అసలు ఇల్లే ఇంట్లో లేదు!" ఊరంతా పగలబడి నవ్వింది. మూడు రోజుల తరవాత మనసారా నవ్విన మొదటి నవ్వు అదే.

మెరక మీద పది రోజుల్లో ఇల్లు మళ్ళీ లేచింది. గాటుకి గాటు, చీలకి చీల. గోడలు పెట్టే తీరిక లేక చాపలు కట్టారు. ఆ వానాకాలం ముప్పై గడపలవాళ్ళూ ఆ ఒక్క కప్పు కిందే ఉన్నారు. స్తంభానికీ స్తంభానికీ నడుమ ఒక్కో సంసారం. అటక మీద విత్తనాలు పొడిగా ఉన్నాయి. మండువాలో వాన పడుతుంటే పిల్లలు అందులో తడిసి ఆడుకున్నారు.

ఇల్లు లేచేరోజున ఒక్క చీల మిగిలింది. అదే, తల వంకరది. సోమాచారి దాన్ని కామాచ్చి చేతికిచ్చి సుత్తి అందించాడు. తనే రెండు చేతులతో దూలం ఎత్తిపట్టుకున్నాడు. ఆమె కొట్టింది. ఒకటి, రెండు, మూడు. బొటనవేలంత ఇంకా బయటే ఉండగా ఆపేసింది.

"ఇంకొక్క దెబ్బ పిన్నీ," అన్నాడు సోమాచారి. "లోపలికి పోతుంది. చూడ్డానికి బాగుంటుంది."

"వద్దురా," అంది కామాచ్చి. "మళ్ళీ మన మనవలకి ఈ వెతుకులాట ఎందుకు? నేను ఉండొద్దూ చెప్పడానికి? బయటికే ఉండనీ. దాని మీద పూత వెయ్యొద్దని ఆడపిల్లలకి చెప్పు."

భద్రయ్య ఆమెకేమైనా ఇవ్వాలనుకున్నాడు. పాడావు ఇస్తానన్నాడు. "పాలు పితికే ఓపిక లేదయ్యా," అంది. మెరకలో ఒక చెక్క భూమి ఇస్తానన్నాడు. "దున్నే ఓపిక లేదయ్యా," అంది. పోనీ, తూర్పు వసారా నీది, నువ్వున్నన్నాళ్ళూ ఇక్కడే ఉండు అన్నాడు. ఆమె కాస్త ఆలోచించింది. "ఆ వసారాలో పొద్దుటి ఎండ బాగా పడుతుంది. చెక్కుకోడానికి వెలుతురుంటుంది," అంది. అదే ఒప్పుకోవడం.

ఎన్నో ఏళ్ళు ఆ వసారాలో కూర్చుని కవ్వాలు చెక్కింది. ఒకనాడు మధ్యాహ్నం సీతాయమ్మ చల్ల ఇద్దామని వస్తే, కామాచ్చి స్తంభానికి చేరగిలబడి ఉంది. ఒళ్ళో సగం చెక్కిన కవ్వం ఉంది. ముఖం పడుకున్న పసిపాపలా ఉంది. పెద్ద వయసు. ఏ బాధా లేదు. ఊరు ఏడ్చింది, కానీ గుండె బాదుకుని ఏడవలేదు. మంచి ప్రయాణం అనుకుంది. సోమాచారి కొడుకులా ముందు నడిచాడు. రంపాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పాడె వెంట మోశారు.

అప్పటినుంచి ఆ పక్క గట్ల మీద ఎవరు కర్రిల్లు కట్టినా ఆఖరి చీలని పూర్తిగా దిగ్గొట్టరు. బొటనవేలంత బయట ఉంచుతారు. దాన్ని కామాచ్చి చీల అంటారు. దాని మీద సున్నం పడనివ్వరు, పూత పడనివ్వరు. కొత్త కోడలు ఇంటికొస్తే అత్తగారు అటక, గాదె, పొయ్యి చూపించి, ఆ తరవాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "ఇదిగో, ఇది కామాచ్చి చీల," అని చూపిస్తుంది.

అంతేనా? అన్నదమ్ములు తగువు పడి నోరు పారేసుకుంటుంటే పెద్దలు అడ్డం వస్తారు. "ఒరే, కామాచ్చి చీల ఉంచుకుని మాట్లాడండిరా," అంటారు. అన్నీ దిగ్గొట్టేస్తే రేపు విప్పుకోవడం ఎలా అని దాని అర్థం. సగం తగువులు ఆ మాటకే ఆగిపోతాయి.

ఇప్పటికీ ఏటా ఎర్రనీరు వచ్చే ముందు, ఇంట్లో పెద్దావిడ నిచ్చెన ఎక్కి ఆ చీలకి రెండు చుక్కల నూనె రాస్తుంది. వేళ్ళతో పట్టుకుని ఆడించి చూస్తుంది. కింద నిలబడి ఇంటిల్లిపాదీ తలలెత్తి అడుగుతారు.

"కదులుతోందా?"

"కదులుతోంది," అంటుంది ఆవిడ.

"హమ్మయ్య," అంటారు అందరూ. అని, అన్నాలకి లేస్తారు.

కథ గట్టెక్కింది. విన్నవాళ్ళూ చల్లగా గట్టెక్కాలి.